సెలక్షన్స్ రోజు కాళ్లు వణికితే: ఆరు వారాల తయారీ

ప్రాక్టీసులో రోజూ లాంగ్‌జంప్ ఆరు మీటర్లు దూకే కుర్రాడు జిల్లా సెలక్షన్స్ రోజున రెండు ఫౌళ్లు చేసి, మూడో జంప్ ఐదున్నర దగ్గర దిగి ఇంటికొస్తాడు. కాళ్లలో బలం తగ్గలేదు, నేర్చుకున్నది రాత్రికి రాత్రి మర్చిపోనూ లేదు. "వానికి ధైర్యం చాల్లేదప్పా" అని చుట్టూ ఉన్నవాళ్లు తేల్చేస్తారు. ఆ మాటతో కుర్రాడికి ఒరిగేదేమీ లేదు. "ధైర్యంగా ఉండు" అంటే ఏం చేయాలో వాడికి తెలీదు, చెప్పినవాళ్లకూ తెలీదు. ఊపిరి ఎలా వదలాలి, కన్ను ఎక్కడ నిలపాలి, మొదటి అడుగు ఎప్పుడు వేయాలి, ఇవైతే చేయగలడు. రోజూ చేస్తే అలవాటవుతాయి కూడా.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో స్కూల్ గేమ్స్‌కు, జోనల్ మీట్లకు, స్పోర్ట్స్ స్కూలు, అకాడమీ ట్రయల్స్‌కు వెళ్లే పిల్లల కోసం, వాళ్ల పీఈటీ సార్ల కోసం, మేడమ్‌ల కోసం ఇది. ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. వారం ముందు మొదలుపెడితే ఊపిరి పని ఒక్కటే అక్కరకొస్తుంది, మిగతావి అలవాటు కావడానికి టైం చాలదు.

ఒత్తిడిలో ఏం చెడిపోతుంది

పేరు పిలవగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, అరచేతులు చల్లబడి చెమట పడతాయి, ఐదు నిమిషాల కిందటే వెళ్లొచ్చినా మళ్లీ బాత్రూం గుర్తొస్తుంది. ఇవన్నీ ఒళ్లు గట్టి పనికి సిద్ధమవుతున్న గుర్తులే. పరుగుకు, దూకడానికి, కబడ్డీ రెయిడ్‌కు ఇవి పనికొస్తాయి. బాణం వదిలే వేలికి, ఫ్రీ త్రో వేసే మణికట్టుకు మాత్రం ఇంత వేడి ఎక్కువ. కాబట్టి దడను పూర్తిగా పోగొట్టుకోవాలని చూడకండి, మీ ఆటకు ఎంత కావాలో అంత ఉంచుకోండి.

ఎక్కువ చేటు చేసేది ధ్యాస. అది రెండు దారుల్లో తప్పిపోతుంది. ఒకటి బయటికి: సెలెక్టర్ ఏం రాసుకుంటున్నాడు, నాన్న గేటు దగ్గర ఉన్నాడా, పక్క స్కూలోడు ఎంత దూకాడు. రెండోది లోపలికి: మోకాలు సరిగా లేస్తోందా, మోచేయి వంగుతోందా. రెండోదాన్ని పిల్లలు "జాగ్రత్తగా ఆడటం" అనుకుంటారు, అందుకే అది మరీ ప్రమాదం. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్ బృందం అనుభవం ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లను బంతి తోసుకుంటూ కోన్‌ల మధ్య పరుగెత్తమంది. పాదంలో ఏ భాగం బంతికి తగులుతోందో గమనిస్తూ వెళ్లమన్నప్పుడు, బాగా అలవాటైన కాలితో వాళ్లు నెమ్మదించారు. మెట్లు దిగుతూ ఏ కాలు ఎప్పుడు వేస్తున్నానా అని చూసుకుంటే తడబడతామే, అదే సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒంటి మీద ధ్యాస అవసరం. నేర్చేసినవాళ్లకు మ్యాచ్ రోజున అదే అడ్డం.

మొదటి పని: దడకు మార్కులు

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి మ్యాచ్, ప్రతి టైం ట్రయల్ అయ్యాక ఆ సాయంత్రమే రెండంకెలు రాయండి: మొదలయ్యే ముందు దడ పదికి ఎంత, ఆట పదికి ఎంత. ఎనిమిది పది సార్లు రాసేసరికి మీ లెక్క బయటపడుతుంది. ఒకరికి నాలుగు దగ్గర ఆట బాగుంటుంది, ఇంకొకరికి ఎనిమిది దగ్గర. స్టార్ట్ లైన్ దగ్గర ఎంతో చల్లగా కనిపించే అక్కను చూసి మీరూ అలాగే ఉండాలనుకోవద్దు. మీ అంకె ఎనిమిది అయితే ఐదు దగ్గర మీరు నిద్రపోతున్నట్టే, ఆ రోజు వార్మప్‌లో రెండు స్ప్రింట్లు ఎక్కువ వేయాలి.

ఎండాకాలం మీట్లలో ఈ అంకె మోసం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనూ కడపలోనూ 40 డిగ్రీలు దాటిన ఎండలో ఊరికే కూర్చున్నా గుండె వేగం పెరుగుతుంది. అది ఎండ దడ. దాన్ని భయం అనుకుంటే నిజంగానే భయం మొదలవుతుంది. నీడన కూర్చుని, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, పది నిమిషాలాగి అప్పుడు అంకె వేసుకోండి.

రెండో పని: ఊపిరి

రోజూ ఐదు నిమిషాలు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. పొట్ట కదలాలి, భుజాలు లేవకూడదు.

పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు, టెన్షన్‌లో గబగబా పెద్ద ఊపిరులు పీల్చడం. అలా చేస్తే కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాంతో ఇంకా కంగారు పడతారు. గ్రౌండులో రెండు మూడు ఊపిరులు చాలు. వంద మీటర్ల వాళ్లు బ్లాకుల్లోకి వెళ్లే ముందు ఒక్కటే, అంతకు మించి చల్లబడొద్దు.

మూడో పని: రొటీన్ కట్టుకోవడం

అన్నింటికంటే ఎక్కువ టైం దీనికే ఇవ్వండి. ప్రయత్నానికి ముందు ప్రతిసారీ ఒకే వరుసలో చేసే నాలుగైదు పనులే రొటీన్. అది ధ్యాసకు పని ఇస్తుంది. పని లేని ధ్యాసే సెలెక్టర్ పుస్తకం వైపు వెళ్తుంది.

లాంగ్‌జంప్‌కు ఇలా కట్టుకోవచ్చు. పేరు పిలిచాక మార్క్ దగ్గరికి నడిచే వెళ్లండి, పరుగెత్తొద్దు. ఎప్పుడూ పెట్టే కాలే మార్క్ మీద పెట్టండి. ఒక పొడవాటి ఊపిరి వదలండి. కళ్లెత్తి పిట్ అవతల, మీ కంటి ఎత్తులో ఉన్న ఒక వస్తువును చూడండి: జెండా కర్ర, వేపచెట్టు కొమ్మ, ఏదైనా సరే. మనసులో "ఒకటి, రెండు" అనేంతసేపు చూపు అక్కడే ఆగాలి. మీ మాట ఒకటి అనుకోండి. వెంటనే కదలండి. మొత్తం పన్నెండు నుంచి పదిహేను సెకన్లు. మాటకూ మొదటి అడుగుకూ మధ్య ఒక సెకను కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. "ఫౌల్ అయితే?" అన్న ఆలోచన దూరేది ఆ ఖాళీలోనే.

కంటి సంగతి తేలిగ్గా తీసుకోకండి. కదలికకు ముందు చూపు లక్ష్యం మీద కదలకుండా నిలవడాన్ని కెనడా పరిశోధకురాలు జోన్ వికర్స్ ఏళ్ల తరబడి కొలిచారు. మంచి షూటర్ల చూపు ఫ్రీ త్రోకు ముందు రింగు మీద ఎక్కువసేపు నిలుస్తుంది, కంగారులో ఆ నిలకడ తగ్గిపోతుంది. పెనాల్టీ కొట్టేవాళ్లయితే కంగారులో గోల్‌కీపర్‌నే చూస్తారు, బంతి కూడా అతనికి దగ్గరగానే వెళ్తుంది. అందుకని బంతిని మచ్చ మీద పెట్టకముందే మూల నిర్ణయించుకోండి, ఆ మూలనే చూడండి, తర్వాత మార్చొద్దు.

ఆటను బట్టి టైం మారుతుంది. వాలీబాల్ సర్వ్‌కు విజిల్ తర్వాత 8 సెకన్లు, బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోకు 5 సెకన్లే. కాబట్టి ఊపిరి, చూపు బంతి చేతికి రాకముందే మొదలుపెట్టాలి. కబడ్డీ రెయిడ్ 30 సెకన్లు. డూ ఆర్ డై రెయిడ్‌లో (పాయింటు తేకపోతే ఔటయ్యే రెయిడ్‌లో) మన పిల్లలు మొదటి ఐదు సెకన్లలోనే మీదపడి దొరికిపోతారు. కూత మొదలుపెట్టి ఒకసారి ఎడమ మూల, ఒకసారి కుడి మూల కదిపి చూశాకే దెబ్బ వేయాలని రొటీన్‌లో ముందే రాసుకోండి. ఫుట్‌బాల్ పెనాల్టీలో తొందర చేసే నష్టాన్ని నార్వేకు చెందిన గైర్ యోర్డెట్ పెద్ద టోర్నీల షూటౌట్లలో చూపించారు: రిఫరీ విజిల్ వేయగానే పరుగు మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా మిస్సయ్యారు. విజిల్ విన్నాక ఒక ఊపిరి వదలండి, అప్పుడు కదలండి.

క్రికెట్ బ్యాటింగ్‌లో రొటీన్ బంతికీ బంతికీ మధ్య ఉంటుంది. బంతి అయిపోయాక స్క్వేర్ లెగ్ వైపు రెండడుగులు వేసి, గ్లోవ్ సర్దుకుని, అక్కడ ఏమైనా ఆలోచించుకోండి. గార్డ్ తీసుకున్నాక బౌలర్ చేతిలోని బంతి ఒక్కటే. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ ఫైనల్ బౌలింగ్ చేసింది. అక్కడి పిచ్చూ 22 గజాలే, ప్రొద్దుటూరు గ్రౌండులో వేసిన పిచ్చూ 22 గజాలే. రొటీన్ ఆ 22 గజాల దగ్గరే మీ ధ్యాసను ఆపుతుంది, చుట్టూ ఎంతమంది ఉన్నా.

నాలుగో పని: మాట ఎంచుకోవడం

ఒకటి లేదా రెండు ముక్కల మాట. "పైకి", "తోసెయ్", "గట్టిగా" లాంటివి. అది ఫలితాన్నో దిశనో చెప్పాలి, ఒంట్లో భాగాన్ని చెప్పకూడదు. "మోకాలు" అంటే ధ్యాస మళ్లీ మోకాలికే పోతుంది.

"వద్దు"తో ముగిసే మాట అసలు పెట్టుకోవద్దు, సార్లు కూడా వాడొద్దు. 1998లో డేనియల్ వెగ్నర్ బృందం గోల్ఫ్ బంతిని కొట్టేవాళ్లకు "గురి దాటనివ్వొద్దు" అని చెప్పి, అదే సమయంలో ఒక పెద్ద అంకెను గుర్తుపెట్టుకోమంది. మనసు మీద ఆ బరువు పడ్డప్పుడు బంతి గురి దాటడమే ఎక్కువైంది. "నో బాల్ వేయొద్దురా" అని బౌండరీ నుంచి అరిచే సారు నో బాల్‌నే గుర్తుచేస్తున్నారు. "గీతకు జానెడు వెనక దిగు" అనండి.

దడ మొదలైనప్పుడు "నాకు భయం లేదు, నేను ప్రశాంతంగా ఉన్నాను" అని నచ్చజెప్పుకోవడం కష్టం, ఎందుకంటే గుండె అబద్ధమని చెబుతూనే ఉంటుంది. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట పాడబోయేవాళ్లు, ఉపన్యాసం ఇవ్వబోయేవాళ్లు "నేను ఉత్సాహంగా ఉన్నాను" అని చెప్పుకుంటే, "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే బాగా చేశారు. ఒంట్లో ఉన్న దడకు ఉత్సాహం అనే పేరు సరిపోతుంది. "ఊపొచ్చింది, పదా" అనుకోండి.

ఐదో పని: ఒత్తిడిలోనే ప్రాక్టీసు

మొదటి రెండు వారాలు పై పనులు మామూలు ప్రాక్టీసులో అలవాటు చేసుకోండి. మూడో వారం నుంచి వారానికి రెండుసార్లు, ప్రాక్టీసు చివర ఇరవై నిమిషాలు "ఒక్క ఛాన్స్" పెట్టండి. ఆటగాడు చెమట ఆరేదాకా నీడన కూర్చోవాలి. నిజం మీట్‌లో ముప్పై మంది ఉంటే జంప్‌కూ జంప్‌కూ మధ్య చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. ప్రాక్టీసులో ఎవరూ కూర్చోరు, అందుకే అక్కడ ఒళ్లు బిగుసుకుపోతుంది. పావుగంట తర్వాత పేరు గట్టిగా పిలవాలి. మూడు నిమిషాల చిన్న వార్మప్, రొటీన్, ఒక్క జంప్. టేపుతో కొలిచి అందరి ముందు బోర్డు మీద రాయాలి. ఇంకో ఛాన్స్ అడిగినా ఇవ్వకూడదు.

నాలుగో వారం దీనికి ఫోన్ వీడియో, పక్క స్కూలు పిల్లలు, వీలైతే ఊరి పెద్దలను కలపండి. సారు పూర్తిగా నోరు మూసుకుని ఒక పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండాలి. పిల్లలను ఎక్కువగా కలవరపెట్టేది ఆ మౌనమే. ఐదో వారం ఎప్పుడూ ఆడని గ్రౌండుకు తీసుకెళ్లి పూర్తి మీట్ పెట్టండి: ఛాతీ నంబరు, రిపోర్టింగ్ కాల్, ఎర్ర జెండా, తెల్ల జెండా, మూడు జంప్‌లు. ఆరో వారం మొదట్లో ఒక్కసారి చాలు, తర్వాత తగ్గించండి.

అసలు మీట్‌లో ఉన్నంత భయం ప్రాక్టీసులో పుట్టించలేం కదా అని చాలామంది సార్లు దీన్ని వదిలేస్తారు. అంత అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో రౌల్ ఊడెయాన్స్ అనే పరిశోధకుడు పోలీసులకు ఎదుటివాళ్లు సబ్బు తూటాలతో తిరిగి కాల్చే ఏర్పాటుతో శిక్షణ ఇచ్చి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆ శిక్షణ పొందినవాళ్ల గురి ఒత్తిడిలో తగ్గలేదు, అట్ట బొమ్మల మీద మాత్రమే కాల్చినవాళ్ల గురి తగ్గింది. ఆ తర్వాత గోడ ఎక్కించి ఎత్తులో డార్ట్స్ వేయించిన ప్రయోగంలోనూ కొద్దిపాటి కలవరంతో చేసిన సాధన పెద్ద కలవరంలో పనికొచ్చింది.

మోతాదు చూసుకోండి. సగం మందికి పైగా చెడగొడుతున్నారంటే బరువు ఎక్కువైంది, ఒక మెట్టు దిగండి. అందరూ తేలిగ్గా చేసేస్తుంటే పెంచండి. ఓడినవాళ్లకు కోన్‌లు ఏరడం, గ్రౌండు చుట్టూ ఒక రౌండు లాంటివి చాలు. గుంజీళ్లు తీయించడం, అందరి ముందు తిట్టడం చేస్తే పిల్లలు నేర్చుకునేది ఒకటే, ఛాన్స్ వచ్చినప్పుడు వెనక్కి తగ్గడం.

రెండు ఫౌళ్ల తర్వాత మూడో జంప్

దీన్ని విడిగా సాధన చేయాలి. మీట్ రోజు ఊపులో అంగలు సాగుతాయి. 16 అంగల రన్నప్‌లో ఒక్కో అంగ రెండు సెంటీమీటర్లు పెరిగినా బోర్డు దగ్గరికొచ్చేసరికి 32 సెంటీమీటర్లు. బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లే. అంటే కుర్రాడు తప్పు చేయకపోయినా ఫౌల్ అవుతుంది. వార్మప్‌లో రెండుసార్లు పూర్తి వేగంతో పరుగెత్తించి, కాలు ఎక్కడ పడుతోందో ఒక స్నేహితుడు చూడాలి. ఎంత ముందుకు పడితే మార్క్ అంత వెనక్కి. వెనక నుంచి గాలి వీస్తుంటే మళ్లీ చూసుకోవాలి.

రెండు ఫౌళ్లయ్యాక ఇలా చేయండి. ముందు కాలు ఎంత దాటిందో అడగండి, అంత వెనక్కి జరపండి. దానికి తోడు ఇంకో 15 సెంటీమీటర్లు జరపండి. వేగం మాత్రం తగ్గించొద్దు. బోర్డుకు 15 వెనక నుంచి లేస్తే కొలతలో పోయేది ఆ 15 సెంటీమీటర్లే. బోర్డును చూస్తూ చివరి మూడు అంగలు కుదించుకుంటే అంతకంటే చాలా ఎక్కువ పోతుంది, మొదట్లో చెప్పిన ఐదున్నర అలా వచ్చిందే. ఒక కొలత పడి మొదటి ఎనిమిది మందిలో ఉంటే మరో మూడు ఛాన్సులు ఉంటాయి, అప్పుడు మార్క్ సరిచేసుకోవచ్చు.

ఏ ఆటలోనైనా తప్పు జరిగాక చేసే పని ముందే రాసిపెట్టుకోండి: "క్యాచ్ వదిలేస్తే, టోపీ తీసి పెట్టుకుని, తర్వాతి బంతికి రెండడుగులు ముందుకొస్తాను." "ఇలా అయితే, అలా చేస్తాను" అన్న రూపంలోనే రాయండి. అలాంటివి మూడు చాలు, పది రాసుకుంటే ఒక్కటీ గుర్తురాదు.

మీట్ రోజు

ముందు రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడకండి, ఒక్క రాత్రితో జంప్ పోదు. అంతకు ముందు మూడు రాత్రులు బాగా పడుకోండి. పొద్దున మూడు గంటల ముందు ఉగ్గాణి తినొచ్చు, మిరపకాయ బజ్జీ సాయంత్రానికి ఉంచండి. అలవాటు లేని కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఆ రోజు మొదలుపెట్టొద్దు, చేతి వణుకు పెరుగుతుంది. ఆదోని, జమ్మలమడుగు వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చేవాళ్లు గంటన్నర ముందే గ్రౌండుకు చేరేలా చూసుకోండి. రన్నప్ నడిచి చూసి, కంటికి వస్తువు వెతికి పెట్టుకోవడానికే ఆ టైం. ఫోన్ సారు దగ్గర ఇచ్చేయండి.

అమ్మానాన్నలకు: "సెలెక్ట్ కావాల్సిందే" అన్నదీ, "పోతే పోనీలే" అన్నదీ రెండూ బరువే. "తిన్నావా? నీళ్లు తాగు. అయిపోయాక కలుద్దాం." ఇంతే చాలు. సార్లు వార్మప్ అయ్యాక టెక్నిక్ సరిదిద్దొద్దు. ఆరు వారాల్లో రానిది ఆరు నిమిషాల్లో రాదు, ధ్యాస మాత్రం మోకాలి మీదకు పోతుంది.

మాత్రలు, డాక్టరు

వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వేసుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. షూటింగ్, ఆర్చరీల్లో అది నిషిద్ధ మందు, డోపింగ్ కింద పట్టుబడతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు.

మీట్ అయిపోయిన తర్వాత కూడా వారాల తరబడి నిద్ర లేకపోవడం, గ్రౌండు పేరెత్తితే వాంతులు, ఊపిరాడనట్టు ఉండటం ఉంటే అది రొటీన్‌తో పోయేది కాదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లాడితో పాటు సారు గానీ అమ్మ గానీ కూర్చుని ఫోన్ చేయించండి.